తాళపత్రం నుండి తెర దాకా

ఒక జాతి జ్ఞాపకం మనుషుల నాలుకల మీద కొంతకాలం నిలుస్తుంది. వస్తువులలో మరికొంత కాలం నిలుస్తుంది. అయితే వస్తువు కూడా శాశ్వతం కాదు. తాటాకును పురుగు తొలుస్తుంది. కాగితం పెళుసుబారుతుంది. రాగిరేకుకు కిలుము పడుతుంది. చిత్రపటంలోని రంగు వెలుతురు తగిలినకొద్దీ వెలిసిపోతుంది. ఈ సత్యం ఎరిగిన పూర్వులు గ్రంథాన్ని కాపాడుకొనే ఉపాయంగా ప్రతి తీయడాన్ని ఎంచుకొన్నారు. శిథిలమవుతున్న తాళపత్ర గ్రంథాన్ని ఎదుట పెట్టుకొని, కొత్త ఆకుల మీదికి అక్షరం అక్షరం దించిన లేఖకులే లేకపోతే నన్నయ భారతం గాని, పాల్కురికి సోమనాథుని ద్విపదలు గాని ముద్రణాయుగం దాకా వచ్చి ఉండేవి కావు. నేడు మ్యూజియాలలో కెమెరాలతోను, కంప్యూటర్లతోను సాగుతున్న డిజిటల్ చిత్రీకరణ ఆ లేఖక వృత్తికి వారసత్వమే. గంటం పట్టిన చేతిలోకి ఇప్పుడు కెమెరా వచ్చింది; ఆకు స్థానంలో తెర నిలిచింది.

లేఖకుని పని కేవలం చేతిపని కాదు. ఏ ఆకు వ్రాతకు పనికివస్తుందో అతనికి తెలియాలి. ఆకును ఉడికించి, ఆరబెట్టి, నునుపు చేసి, ఒకే కొలతకు కోసి, రంధ్రం చేసి దారం గుచ్చేవారు. గంటం మొన మరీ వాడిగా ఉంటే ఆకు చిరుగుతుంది. మొద్దుగా ఉంటే గీత పడదు. గీసిన అక్షరాల మీద మసిని ఆకుపసరుతో కలిపి రుద్దితేనే అవి కంటికి కనిపిస్తాయి. అంటే ఆకును బట్టి గంటం, గంటాన్ని బట్టి చేతివాటం. ఇక 19వ శతాబ్దంలో చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ కడపలో పండితులను నియమించి, ఒక్కొక్క కావ్యానికి పలు వ్రాతప్రతులు సేకరించి, వాటిని పోల్చి చూపించి, శుద్ధప్రతులు వ్రాయించాడు. సాధనం, శ్రమ, పాండిత్యం అనే మూడూ కలిసినప్పుడే ప్రతి నమ్మదగినదవుతుందని ఆ చరిత్ర చెబుతున్నది. కంప్యూటర్ వచ్చినంత మాత్రాన ఈ సూత్రం మారలేదు.

ప్రతి లేకపోతే కలిగే నష్టం ఎంతటిదో హైదరాబాదు నగరానికి కొత్తగా చెప్పనక్కరలేదు. 1908 సెప్టెంబరు 28న మూసీనదికి వచ్చిన వరద వేల ప్రాణాలను బలిగొన్నది. ఇళ్లతో పాటు ఇళ్లలోని పత్రాలూ, పుస్తకాలూ నీటిపాలయ్యాయి. అది పాతకాలపు ముచ్చట అనుకోవడానికి వీలులేదు. 2016 ఏప్రిల్ 26న ఢిల్లీలోని జాతీయ ప్రకృతి చరిత్ర మ్యూజియం అగ్నికి ఆహుతి అయింది. 2018 సెప్టెంబరు 2న బ్రెజిల్ దేశంలో, రియో డి జనీరో నగరంలోని జాతీయ మ్యూజియం ఒక్క రాత్రిలో కాలిపోయి, అందులోని వస్తువులలో అధికభాగం బూడిద అయింది. ఆ మరునాటి నుండి అక్కడి విద్యార్థులు ప్రజలకు ఒక విజ్ఞప్తి చేశారు: ఆ మ్యూజియంలో ఎవరైనా సరదాగా తీసుకొన్న ఫొటోలుంటే పంపవలసిందని. శతాబ్దాల సంపదకు సాక్ష్యం సందర్శకుల చేతి ఫోన్లలో వెదుక్కోవలసి రావడం కంటె విషాదం ఏముంటుంది? మంటలు ఆరిన తరువాత ఏ కెమెరా కొనాలి అనే ప్రశ్నకు అర్థం లేదు. ఆ ప్రశ్న ముందుగానే, అది కూడా సరైన తీరులో, అడగవలసి ఉన్నది.

ఈ ప్రశ్న అడగవలసినవారు ఎక్కడో లేరు. హైదరాబాదు తూర్పు భాగాన దిల్‌సుఖ్‌నగర్ నుండి ఎల్.బి. నగర్ దాకా సాగే రహదారి పొడవునా శిక్షణ సంస్థల బోర్డులు కనిపిస్తాయి. జిల్లాల నుండి వచ్చి హాస్టళ్లలో ఉంటూ, ఫొటోషాప్, డి.టి.పి., యానిమేషన్, ప్రోగ్రామింగ్ నేర్చుకొనే యువతీయువకులు ఆ వీథులలో వేలసంఖ్యలో తిరుగుతుంటారు. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట నుండి ఎల్.బి. నగర్ దాకా మెట్రో రైలు మొదలైన తరువాత ఆ ప్రాంతం నగర నడిబొడ్డుకు మరింత దగ్గరైంది. దారిలోని విక్టోరియా మెమోరియల్ అనే స్టేషను పేరు నిజాం కాలపు అనాథ బాలల గృహాన్ని తలపిస్తుంది. దిల్‌సుఖ్‌నగర్‌లో రైలెక్కితే మూసారాంబాగ్, న్యూమార్కెట్, మలక్‌పేట దాటి నాలుగవ స్టేషను మహాత్మాగాంధీ బస్‌స్టేషను. అక్కడికి దగ్గరలోనే, మూసీ దక్షిణపు ఒడ్డున సాలార్‌జంగ్ మ్యూజియం ఉన్నది. ఫొటోషాప్ నేర్చుకొన్న యువకునికి పెళ్లి ఆల్బమ్ పని ఉన్నదని తెలుసు, వ్యాపార ప్రకటన పని ఉన్నదని తెలుసు. నాలుగు స్టేషన్ల దూరంలో తన విద్యకు మరొక గౌరవప్రదమైన పని ఉన్నదని మాత్రం తరచుగా తెలియదు.

మూడవ సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ జీవితమంతా వెచ్చించి సేకరించిన కళాఖండాలు, అతని పూర్వులు కూడబెట్టిన వస్తువులు కలిసి ఆ మ్యూజియం ఏర్పడింది. 1949లో ఆయన మరణించిన తరువాత, 1951 డిసెంబరు 16న దివాన్ దేవిడీలో జవహర్‌లాల్ నెహ్రూ దానిని ప్రారంభించారు. 1961లో పార్లమెంటు చట్టం ద్వారా అది జాతీయ ప్రాముఖ్యం గల సంస్థ అయింది. 1968లో ఇప్పుడున్న భవనానికి తరలివచ్చింది. ఒకే కప్పు క్రింద పాలరాతి శిల్పం, దారుశిల్పం, తైలవర్ణ చిత్రం, దక్కనీ సూక్ష్మచిత్రం, గడియారం, ఖడ్గం, పింగాణీ పాత్ర, అరబ్బీ, పారసీ, ఉర్దూ వ్రాతప్రతులు ఉండడం దాని ప్రత్యేకత. డిజిటల్ చిత్రీకరణ ఎంత చిక్కైన పనియో తెలుసుకోవడానికి ఇంతకంటె మంచి పాఠశాల ఉండదు. ఒక వస్తువుకు తగిన పద్ధతి పక్క గదిలోని వస్తువుకు తగదు.

సాధారణంగా ఏదైనా సంస్థకు కొంత నిధి మంజూరు కాగానే మొదట వినిపించే మాట, “అన్నింటికంటె మంచి కంప్యూటర్ ఏది?” అన్నది. ఇది పెళ్లికొడుకును చూడకుండానే చెప్పుల కొలత నిర్ణయించడం వంటిది. కంప్యూటర్ చివరి మెట్టు. ఏ వస్తువును చిత్రించాలి, ఆ చిత్రం ఎవరికి కావాలి, ఎంతకాలం నిలవాలి అనే మూడు ప్రశ్నలకు సమాధానం దొరికిన తరువాత వెలుతురు సంగతి తేలుతుంది. వెలుతురు తేలిన తరువాత కెమెరా, కెమెరా తేలిన తరువాత ఫైలు పరిమాణం, దానిని బట్టి కంప్యూటర్, దానిని బట్టి నిలువచేసే డిస్కులు నిర్ణయమవుతాయి. ఈ వరుసను తలక్రిందులు చేసిన చోట ఖరీదైన యంత్రం గుడ్డ కప్పుకొని మూలన కూర్చుంటుంది. వస్తువు మాత్రం అల్మారాలో శిథిలమవుతూనే ఉంటుంది.

ఒక తాళపత్రాన్నే ఉదాహరణగా తీసుకొందాం. దాని పొడవు 18 అంగుళాలు, వెడల్పు ఒకటిన్నర అంగుళం అనుకొంటే, అంగుళానికి 600 బిందువుల చొప్పున పట్టుకోవాలంటే పొడవునా 10,800, అడ్డంగా 900 బిందువులు కావాలి. మొత్తం కోటికి లోపే. కెమెరా 2 కోట్ల 40 లక్షల బిందువులది అయితే చాలునని పైకి అనిపిస్తుంది. కాని ఆ కెమెరా చట్రం పొడవు 6,000 బిందువులే. ఆకు మొత్తం ఒకే చట్రంలో పట్టిస్తే అంగుళానికి 333 బిందువులు మాత్రమే దక్కుతాయి. చదువుకోవడానికి అది సరిపోవచ్చు. గంటం గీత లోతును, చెరిగిన వట్రసుడిని పరిశీలించడానికి చాలదు. కాబట్టి ఆకును రెండు భాగాలుగా, ఒక్కొక్క భాగంలో 10 అంగుళాలు వచ్చేటట్లు తీసి, నడిమి రెండంగుళాల సమానభాగం ఆధారంగా తరువాత అతకాలి. అప్పుడు సరిగ్గా 600 బిందువులు లభిస్తాయి. ఈ చిన్న లెక్క వేసుకొన్నవారు కెమెరా డబ్బాపై ముద్రించిన పెద్ద సంఖ్యకు మోసపోరు.

అదే ఆకును బల్లమీది స్కానరులో బోర్లా పెట్టి మూత నొక్కితే ఏమవుతుంది? ఎండి వంకరపోయిన ఆకు పుటుక్కున విరుగుతుంది. అందువల్ల తాళపత్రాలకు, పాత వ్రాతప్రతులకు పైనుండి క్రిందికి చూసే కెమెరా, ఇరువైపులా సమానమైన దీపాలు, ఆకును మెత్తగా పట్టి ఉంచే ఆధారం కావాలి. తైలం నుండి, నీటి నుండి, వదులైన కట్టు నుండి, మూర్ఖుని చేతి నుండి తన గ్రంథాన్ని కాపాడమని పూర్వపు లేఖకుడు గ్రంథాంతంలో వేడుకొనేవాడు. ఆ నాలుగవ శత్రువు నేడు కూడా ఉన్నాడు. వస్తువును తాకే అధికారం ఎవరికున్నదో, ఎలా తాకాలో సంరక్షణ నిపుణుడు చెప్పిన తరువాతనే కెమెరా గుండీ మీద వేలు పడాలి.

శిల్పాల విషయం వేరు. సాలార్‌జంగ్ మ్యూజియంలోని ముసుగు రెబెకా విగ్రహాన్ని ఇటలీ శిల్పి జొవాన్నీ మారియా బెంజోనీ చెక్కాడు. మొదటి సాలార్‌జంగ్ దానిని 1876లో రోమ్ నగరంలో కొన్నాడు. రాతిలోనే పలుచని మేలిముసుగు, ఆ ముసుగు వెనుక ముఖం కనిపించడం అందులోని అద్భుతం. ఎదురుగా బలమైన వెలుగు పడితే తెల్లని పాలరాయి అంతా ఒకే తెల్లదనంగా మారి ముసుగు మాయమవుతుంది. వెలుగు ప్రక్కనుండి, మృదువుగా, నీడకు చోటిస్తూ రావాలి. అక్కడే ఉన్న జంట దారుశిల్పం మరొక పరీక్ష పెడుతుంది. ఒకే దుంగలో ఒకవైపు మెఫిస్టోఫిలిస్, రెండవవైపు మార్గరెటా ఉంటారు. వెనుకనున్న అద్దంలో రెండవ రూపం కనిపిస్తుంది. సందర్శకునికి ఆ అద్దం వరం. చిత్రకారునికి అదే చిక్కు: కెమెరా, దీపం, తన రూపం కూడా అద్దంలో పడతాయి. ఇటువంటి చోట మంచి కంప్యూటర్ ఏ సహాయమూ చేయదు. వెలుతురు తెలిసిన కన్ను చేస్తుంది.

వార్నీషు పూసిన తైలవర్ణ చిత్రాలకు దీపాల ముందు ఒక ధ్రువణ ఫలకాన్ని, కటకం ముందు మరొక దానిని పెట్టి, రెండింటినీ ఒకదానికొకటి అడ్డంగా తిప్పితే మెరపు అణగిపోయి అసలు రంగు బయటపడుతుంది. నాణేలు, రాగిశాసనాలు ఇందుకు భిన్నమైనవి. తాళ్లపాక కవుల సంకీర్తనలు చెక్కిన తిరుమల రాగిరేకుల వంటి వాటిని ఎదుటి వెలుగులో చూస్తే లోహపు మెరుపే తప్ప అక్షరం కనబడదు. వెలుగును ఏటవాలుగా ప్రసరింపజేస్తే గీతలో నీడ పడి అక్షరం లేచి నిలుస్తుంది. కెమెరాను కదపకుండా, దీపాన్ని మాత్రం వస్తువు చుట్టూ తిప్పుతూ అనేక చిత్రాలు తీసి, వాటిని గణితంతో ఒక్కటిగా కూర్చే పద్ధతి ఒకటున్నది. దానిని 2001లో టామ్ మాల్జ్‌బెండర్, ఆయన సహచరులు ప్రకటించారు. ఆ చిత్రాన్ని తెరమీద తెరిచిన పాఠకుడు తనకు కావలసిన దిక్కునుండి వెలుగు పడినట్లు మార్చుకొని శాసనాన్ని చదువుకోగలడు. పూర్వం శాసన పరిశోధకులు సాయంకాలపు ఏటవాలు ఎండ కోసం ఎదురుచూచేవారు. ఆ ఎండను ఈ పద్ధతి తెరలోకి తెచ్చింది.

ఇక రంగు సంగతి. దిల్‌సుఖ్‌నగర్ దుకాణాలలో చీర కొనేవారు దుకాణం దీపాల క్రింద చూసి తృప్తిపడరు. గుమ్మం దాకా తెచ్చి పగటి వెలుతురులో చూస్తారు. దీపం మారితే రంగు మారుతుందన్న శాస్త్రం వారికి అనుభవంతోనే తెలుసు. మ్యూజియం పనిలో ఈ జాగ్రత్త పదిరెట్లు ఉండాలి. వస్తువు ప్రక్కనే నిర్ణీతమైన 24 రంగుల గళ్లున్న పట్టికను ఉంచి మొదటి చిత్రం తీయాలి. అప్పుడు కెమెరా ఎరుపును కొంచెం నారింజగా చూపినా, ఆ తేడాను కొలిచి సరిదిద్దవచ్చు. కంప్యూటర్ తెర కూడా అబద్ధమాడుతుంది. రెండు తెరలను ప్రక్కప్రక్కన పెట్టి ఒకే చిత్రాన్ని చూపితే రెండు రకాలుగా కనిపించడం అందరికీ తెలిసినదే. అందుకని, ఏ కోణం నుండి చూచినా రంగు మారని ఐ.పి.ఎస్. తరగతి తెరను కొని, రంగుకొలత పరికరంతో దానిని నియమిత కాలానికి సరిచేస్తూ ఉండాలి. గది గోడలు కూడా బూడిదవన్నెలో ఉండడం మేలు. పచ్చని గోడ ప్రక్కన కూర్చున్నవాని కన్ను పచ్చదనానికి అలవాటుపడిపోతుంది. కొనుగోలు పట్టికలో కంప్యూటర్ పెట్టెకు లక్ష రూపాయలు వ్రాసి, తెరకు దొరికినదే చాలుననుకోవడం వీణ కొని తీగలు మరచిపోవడమే.

ఇప్పుడు కంప్యూటర్ వంతు వస్తుంది. 2 కోట్ల 40 లక్షల బిందువుల చిత్రంలో ప్రతి బిందువుకూ మూడు రంగుల విలువలుంటాయి. ఒక్కొక్క విలువను 16 బిట్లలో, అనగా రెండు బైట్లలో, దాచితే ఒక చిత్రం 14 కోట్ల 40 లక్షల బైట్లు, అంటే 144 మెగాబైట్లు అవుతుంది. ఒక మ్యూజియంలో 10,000 వస్తువులున్నాయనుకొని, ఒక్కొక్క దానికి ఐదు కోణాల చిత్రాలు తీస్తే 50,000 చిత్రాలు, మొత్తం 7.2 టెరాబైట్లు. మూడు ప్రతులు ఉంచితే 21.6 టెరాబైట్లు. ఈ లెక్క ముందు వేసుకొన్న సంస్థకు ఏమి కొనాలో తనంతట తానే తెలుస్తుంది. చిత్రాలను పొరలుపొరలుగా తెరిచి పనిచేయడానికి పుష్కలంగా ర్యామ్ కావాలి. 32 గిగాబైట్లు నేడు న్యాయమైన ఆరంభం. పనిలో ఉన్న చిత్రాలకు వేగమైన ఎస్.ఎస్.డి., పని ముగిసిన వాటికి పెద్ద హార్డ్‌డిస్కులు కావాలి. శిల్పాల త్రిమితీయ రూపాలను వందల ఫొటోల నుండి నిర్మించే పని ఉన్నప్పుడే ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు అవసరం. తాళపత్రాలు మాత్రమే ఉన్న గ్రంథాలయానికి ఆ సొమ్ము తెరకు, దీపాలకు వెచ్చించడం వివేకం. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని చోట యు.పి.ఎస్. లేని కంప్యూటర్ ఒడ్డులేని చెరువు.

తీసిన చిత్రాన్ని ఏ రూపంలో దాచాలన్నది మరొక నిర్ణయం. జేపెగ్ రూపం చిన్నది, పంపుకోవడానికి సులభమైనది. అయితే పరిమాణం తగ్గించడానికి అది కొంత వివరాన్ని వదలివేస్తుంది. మార్చి దాచిన ప్రతిసారీ మరికొంత పోతుంది. టిఫ్ రూపం పెద్దదే గాని, నష్టం లేకుండా దాచుకోవచ్చు. కాబట్టి మూలప్రతిని టిఫ్‌లో భద్రపరచి, అందులోనుండి చిన్న ప్రతులను ప్రదర్శనకు, పుస్తకాలకు, ఇంటర్నెట్‌కు తీసుకోవాలి. రైతు ఎంత ఇబ్బందిలో ఉన్నా విత్తనపు వడ్లను వండుకోడు. మూలప్రతి ఆ విత్తనపు వడ్ల వంటిది. దానిని విడిగా ఉంచాలి, తరచుగా తెరవకూడదు, దానిమీద దిద్దుబాట్లు చేయకూడదు.

ఈ దిద్దుబాటు మాట దగ్గర కొంచెం ఆగాలి. పెళ్లి ఆల్బమ్ తయారుచేసే నిపుణుడు ముఖంమీది మచ్చను తుడుస్తాడు, నేపథ్యాన్ని మారుస్తాడు, చీర రంగును మెరిపిస్తాడు. అక్కడ అదే నేర్పు. మ్యూజియంలో అదే అపరాధం. తాళపత్రంలోని పురుగు రంధ్రం, నూనె మరక, అంచున వేరొక చేతివ్రాతతో ఉన్న చిన్న గుర్తు పరిశోధకునికి సాక్ష్యాలు. రంధ్రాన్ని పూడ్చి అక్షరాన్ని ఊహించి దిద్దితే, రేపటి పరిష్కర్త లేని పాఠాన్ని ఉన్నదనుకొంటాడు. ఒక పద్యం అర్థమే మారిపోవచ్చు. బొమ్మలను తనంతట తానే పూరించే కృత్రిమ మేధ సాధనాలు సులభంగా లభిస్తున్న ఈనాడు ఈ ప్రమాదం మరీ దగ్గరైంది. మూలప్రతిలో వస్తువు ఉన్నది ఉన్నట్లు ఉండాలి. మెరుగుపరచిన ప్రతి ఏదైనా ఉంటే, అది మెరుగుపరచినదని దానిమీదనే వ్రాసి ఉండాలి.

ప్రతులు ఎక్కడ దాచాలి? హార్డ్‌డిస్కు కూడా తాటాకు వలెనే ఒకనాడు చెడిపోతుంది. తేడా ఏమంటే తాటాకు శతాబ్దాల మీద చెడుతుంది, డిస్కు కొన్ని సంవత్సరాలలోనే చెడవచ్చు. ఫ్లాపీలలో దాచిన సమాచారాన్ని చదివే యంత్రం నేడు వెదికినా దొరకడం కష్టం. అందుకే మూడు ప్రతులు, రెండు రకాల మాధ్యమాలు, వాటిలో ఒకటి వేరొక ఊరిలో అన్నది ఈ రంగంలోని వారు పాటించే నియమం. మూడు డిస్కులనూ ఒకే గదిలో, ఒకే బీరువాలో పెడితే నిప్పుకు, నీటికి అవి ఒక్కటే. ఫైలులో ఒక్క బిట్టు మారినా పట్టి ఇచ్చే చెక్‌సమ్ అనే సంఖ్యను ప్రతి చిత్రానికీ తయారుచేసుకొని, ఏటేటా సరిచూసుకోవాలి. లేఖకుడు వ్రాయడం ముగించిన తరువాత పత్రాల సంఖ్య లెక్కపెట్టుకొన్నట్లే ఇదీ.

ఈ విషయంలో తెలుగువారికి దగ్గరి అనుభవం డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా. చిత్తూరు జిల్లాలో పుట్టి, కంప్యూటర్ శాస్త్రంలో 1994 ట్యూరింగ్ పురస్కారాన్ని పంచుకొన్న రాజ్‌రెడ్డి, కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం నుండి పది లక్షల పుస్తకాల పథకాన్ని ముందుకు నడిపించారు. 2000 దశకంలో బెంగుళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్, హైదరాబాదులోని ట్రిపుల్ ఐ.టి. వంటి సంస్థలు అందులో పాలుపంచుకొన్నాయి. పుస్తకాన్ని విప్పకుండానే పైనుండి చదివే మినోల్టా స్కానర్లతో అంగుళానికి 600 బిందువుల చొప్పున లక్షల పుస్తకాలను చిత్రించారు. ఎన్నో ఏళ్లుగా పునర్ముద్రణ లేని తెలుగు గ్రంథాలు పల్లెటూరి పాఠకునికి కూడా అందాయి. ఆ మేలు చిన్నది కాదు. అయితే తెలుగు పుస్తకాల పేర్లను రోమన్ లిపిలో, తోచినట్లు నమోదు చేయడం వల్ల ఉన్న పుస్తకమే వెదికితే దొరకని పరిస్థితి ఏర్పడింది. కొన్నిచోట్ల పుటలు జారిపోయాయి. 2017లో ఆ వెబ్‌సైటు కాపీహక్కుల చిక్కుల నడుమ ప్రజలకు అందుబాటులో లేకుండా పోయింది. అప్పటికే ఆ పుస్తకాలలో చాలావాటిని ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే సంస్థ ప్రతులు తీసి ఉంచడంవల్ల అవి నేటికీ చదువరులకు దక్కుతున్నాయి. ప్రతి వేరొక చోట ఉండాలన్న నియమం ఎందుకో దీనివల్ల స్పష్టపడుతుంది.

పేర్ల సంగతి మరికొంత వివరించవలసి ఉన్నది. గుర్తులు లేని రోమన్ లిపిలో కల, కళ, కాల అనే మూడు మాటలకూ రూపం ఒక్కటే. నిద్రలో వచ్చేది ఏదో, నేర్చుకొనేది ఏదో, గడిచేది ఏదో యంత్రానికి తెలియదు. లకార ళకారాలు, నకార ణకారాలు, రేఫ శకటరేఫలు కలిసిపోయిన పట్టికలో గ్రంథం ఉన్నా లేనట్లే. తెలుగు అక్షరాలలోనే వ్రాసినంత మాత్రాన కూడా సరిపోదు. ముద్రణశాలలలో చాలాకాలం వాడుకలో ఉన్న కొన్ని పాత ఫాంట్లతో టైపు చేసిన పాఠం, ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో అర్థంలేని గుర్తులుగా కనిపిస్తుంది. 1991లో వెలువడిన మొదటి రూపం నుండే యూనికోడ్‌లో తెలుగుకు స్థానమున్నది. వస్తువు పేరు, కాలం, కొలత, దొరికిన చోటు, చిత్రించిన తేదీ అన్నీ యూనికోడ్ తెలుగులో నమోదైతేనే ఆ చిత్రం రేపటివారికి మాట్లాడుతుంది. పేరులేని చిత్రం చిరునామా లేని ఉత్తరం.

ఇటువంటి నమోదు కోసమే పూణేలోని సి-డాక్ సంస్థ జతన్ అనే సాఫ్ట్‌వేరును రూపొందించింది. 2014లో కేంద్ర సాంస్కృతిక మంత్రిత్వశాఖ ప్రారంభించిన మ్యూజియమ్స్ ఆఫ్ ఇండియా వేదికకు దానినే ఆధారం చేసుకొన్నారు. మొదటి దశలో ఎన్నుకొన్న పది మ్యూజియాలలో హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంతో పాటు నాగార్జునకొండ మ్యూజియం కూడా ఉన్నది. వివిధ మ్యూజియాలు ఒకే పద్ధతిలో వివరాలు వ్రాసుకోవడంవల్ల, ఒక చోట కూర్చున్న విద్యార్థి పలు చోట్ల ఉన్న వస్తువులను పోల్చి చూడగలుగుతాడు.

పెద్ద సంస్థల మాట సరే, చిన్నవాటి గతి ఏమిటి? 1918లో వేటపాలెంలో వెలసిన సారస్వత నికేతనం వంటి గ్రంథాలయాలు, పల్లెలలోని దేవాలయాలు, కొన్ని కుటుంబాలు ఎంతో సంపదను కాపాడుకొంటూ వస్తున్నాయి. వాటికి లక్షల నిధులుండవు. అటువంటి చోట ఒక మంచి కెమెరా, కదలని స్టాండు, రంగును నిజంగా చూపే రెండు ఎల్.ఇ.డి. దీపాలు, రంగుల పట్టిక, ఒక మధ్యరకం కంప్యూటర్, రెండు మూడు డిస్కులు ఉంటే పని గౌరవంగా మొదలవుతుంది. జింప్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు అందుబాటులో ఉన్నాయి. ఏటేటా రుసుము కట్టలేక సొంత ఫైళ్లే తెరుచుకోలేని అవస్థ వాటితో రాదు. చేతిలోని ఫోను మూలప్రతికి చాలదు గాని, ఏ వస్తువు ఏ అరలో ఉన్నదో తెలిపే మొదటి జాబితాకు చక్కగా పనికివస్తుంది. అసలు జాబితాయే లేని చోట వస్తువు పోయినా పోయిందని తెలియదు.

కొనుగోలులో మరొక మెలకువ కావాలి. టెండరులో ఒక కంపెనీ పేరు, ఒక నమూనా సంఖ్య వ్రాస్తే ఆరునెలలలో అది పాతబడుతుంది. కేవలం తక్కువ ధరనే చూస్తే నాసిరకం సరుకు వస్తుంది. అందుకు బదులు రావలసిన ఫలితాన్ని వ్రాయాలి: ఇంత కొలత గల ఆకును ఇన్ని బిందువులతో పట్టాలి, రంగుల పట్టికలో తేడా ఇంతకు మించరాదు, రోజుకు ఇన్ని చిత్రాలు సాగాలి అని. ఆ తరువాత పది వస్తువులను ఎన్నుకొని, అమ్మకందారుల యంత్రాలతోనే ప్రయోగించి చూడాలి. ఆ పదింటిలో ఒక తాళపత్రం, ఒక నాణెం, ఒక తైలచిత్రం, ఒక తెల్లని శిల్పం ఉంటే చాలు. యంత్రం గుణం బయటపడుతుంది. నిధిలో కొంత భాగాన్ని శిక్షణకు, కొంత భాగాన్ని ఐదారేళ్ల తరువాత డిస్కులు మార్చడానికి ముందుగానే విడిగా ఉంచాలి. బావి త్రవ్వించి చేంతాడు కొనకపోతే దాహం తీరదు.

ఇంత చేసినా చిత్రం వస్తువుకు సమానం కాదు. ముసుగు రెబెకా ముందు నిలిచినప్పుడు కలిగే ఆశ్చర్యాన్ని ఏ తెరా ఇవ్వలేదు. తాటాకు వాసన ఫైలులో ఉండదు. కాని చిత్రం వస్తువుకు విశ్రాంతి నిస్తుంది. వందమంది పరిశోధకులు తెరమీద చూడగలిగితే, పెళుసైన ఆకును వందసార్లు విప్పనక్కరలేదు. హైదరాబాదుకు రాలేని శ్రీకాకుళం విద్యార్థి, అమెరికాలో పుట్టిన తెలుగు బాలిక తమ పూర్వుల అక్షరాన్ని చూడగలుగుతారు.

ఈ పనికి ఒక్క కంప్యూటర్ నిపుణుడు చాలడు. ఒక్క పండితుడూ చాలడు. వెలుతురు కోణం తెలిసిన యువకునికి అరసున్న అంటే ఏమిటో తెలియకపోతే, అది ధూళి అనుకొని తుడిచివేస్తాడు. అరసున్న తెలిసిన పండితునికి ఫైలు రూపాలు తెలియకపోతే, జేపెగ్ ఒక్కటి దాచి మూలాన్ని చెరిపివేస్తాడు. ఇద్దరూ ఒకే బల్లముందు కూర్చోవాలి. దిల్‌సుఖ్‌నగర్‌లో సాయంత్రపు తరగతిలో చిత్రాలను సరిదిద్దడం నేర్చుకొనేవారే ఉదయం కళాశాలలో తెలుగు పాఠం వింటున్నారు. ఈ రెండు విద్యలూ ఒకే విద్యార్థిలో కలిసే అవకాశం ఇంతకు ముందు ఏ తరానికీ లేదు. పాత వ్రాతప్రతి చివరి పుటలో గ్రంథకర్తతో పాటు ప్రతి వ్రాసినవాని పేరు కూడా తరచుగా కనిపిస్తుంది. డిజిటల్ ప్రతి వివరాల పట్టికలో కూడా చిత్రించినవారి పేరుకు ఒక గడి ఉన్నది. ఆ గడి నింపడానికి కావలసిన అర్హత ఖరీదైన యంత్రం కాదు. వస్తువును గౌరవించే కన్ను, అక్షరాన్ని ఎరిగిన మనస్సు.